బురద కాలంలోనే రా, నాయనమ్మా

సస్కాచెవాన్, కెనడా, మార్చి 1934

నాయనమ్మా,

తాతయ్య సమాధికి వెళ్లే దారిని పొరుగు రైతు మెల్నిచుక్ ముళ్లకంచెతో మూసేశాడు. ఈ వసంతంలో దాని మీద గోధుమ చల్లుతాడట. "ఎవరూ నడవని దారి ఎందుకురా, ఒస్తాప్? రైతు సంఘం కరపత్రాలు చదివి నీ బుర్ర పాడైంది" అని నవ్వాడు. ఆ తీగ కోసేసేవాణ్ణే, నాన్న చెయ్యి పట్టుకుని ఆపాడు.

ఏ కాలంలో రమ్మంటావని అడిగావు. మంచుబండి ఎక్కడికైనా పోతుంది, చలికాలమే మేలని విన్నిపెగ్‌లో నీతో ఉన్న అత్త అంటోందట. వద్దు. నాలుగేళ్ల కిందట జనవరిలో నువ్వు గంటసేపు ఏడ్చింది తాతయ్య దగ్గర కాదు, కమ్మరి యుర్కో సమాధి దగ్గర. మంచు కరిగి శిలువలు బయటపడ్డాకే మాకు తెలిసింది. నీకు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కోతలప్పుడు వస్తే నీతో కూర్చునే తీరిక ఎవరికీ ఉండదు. ఈస్టర్‌కి రా. మోకాలి దాకా బురదే, కానీ ఎండుగడ్డిలోంచి ఊదాపూలు లేస్తాయి. ఈస్టర్ తర్వాతి ఆదివారం మన ఆచారం ప్రకారం పెద్దల సమాధుల మధ్య దుప్పటి పరిచి భోంచేసేటప్పుడు తాతయ్య ఆ పూలు నీ తలగుడ్డలో గుచ్చేవాడు. "ముసలాడికి సిగ్గు లేదు" అని తిడుతూనే వాటిని సాయంత్రం దాకా తీసేదానివి కాదు.

పొడుగు బూట్లు, పండగ రొట్టెలోకి గసగసాలు తీసుకురా. అత్త దగ్గు తగ్గిందా? బండి దిగబడితే నిన్ను నేనే మోసుకొస్తాను. దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

ఎంతమంది నడుస్తారో కళ్లారా చూసి దారి సంగతి తేల్చడానికి ఊరి కౌన్సిల్ మనిషి వస్తున్నాడు. ఈస్టర్ తర్వాతి ఆదివారం, పొద్దున్న పది గంటలకు, చర్చి మెట్ల దగ్గర అందరం చేరి ఆ దారినే సమాధుల దాకా నడుస్తాం. నువ్వు ముందు వరసలో ఉండాలి.

నీ ఒస్తాప్