కంపెనీ అడిగిన క్షేమం

చిట్యాల,
12 జూలై 1964.

మహబూబ్‌నగర్‌లో పంతులమ్మ చదువు వెలగబెడుతున్న మంజులతకు,

నీ ఆండాళు బోలెడు ప్రేమతో రాస్తున్నది. నువ్వు రాయకపోయినా నేను రాస్తాను, అదీ మన ఒప్పందం. ఈసారి విశేషం వింటే కుళ్లుకుంటావు. బొంబాయి నుంచి మా ఊరి బండికి ఉత్తరం వచ్చింది. మనుషులకు కాదు, బండికి!

మా నేతపనివాళ్ల సంఘం పోయిన ఏడు ఒక చిన్న లారీ కొన్నదని రాశాను గదా. ముందు జీపులాగా, వెనుక తొట్టిలాగా ఉంటుంది, పికప్పు అంటారు. పట్నానికి బట్టల మూటలు తీసుకుపోయి నూలు తెస్తుంది. దాన్ని నడిపేది మా ఆయన మల్లేశం. మగ్గం వదిలి స్టీరింగు పట్టాడని మా అత్తకు ఇంకా గుర్రే. మొన్న సంఘం అధ్యక్షుడు సీతారాములు మామ ఒక కవరు పట్టుకొని నేరుగా మా ఇంటికి వచ్చాడు. "జర సదువు బిడ్డా, అంత ఇంగిలీసే ఉన్నది" అన్నాడు. ఊళ్లో ఇంగ్లీషు వచ్చింది నాకొక్కదానికే. ఆ వచ్చింది ఎనిమిదో తరగతి వరకేనని నీకు తెలుసు, వాళ్లకు తెలియదు.

తెలియని మాట కనబడితే నేను ఊరుకోలేనని నీకు తెలుసు. నిఘంటువు ముందేసుకొని కూర్చున్నాను. రీకాల్ అంటే జ్ఞాపకం చేసుకొనుట. సేఫ్టీ అంటే క్షేమము. ట్రాన్స్‌మిషన్ అంటే పంపుట. చివర త్వరగా అని ఉంది. నడుమ ఒక పొడుగు వాక్యం కొరుకుడు పడలేదు, ఏవో మర్యాద మాటలని దాటేశాను. అన్నీ కలిపి గట్టిగా చదివి వినిపించాను: "మీ బండిని జ్ఞాపకం చేసుకుంటున్నాము. దాని క్షేమసమాచారం త్వరగా పంపగలరు."

సీతారాములు మామ మొహం చూడాల్సింది. "పిల్లనిచ్చినోళ్లు గూడ గిట్ల అడుగరు గదనే!" అన్నాడు. ఆ సాయంత్రమే బండికి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. జవాబు కూడా నేనే రాశాను: వుయ్ ఆర్ సేఫ్, వెహికిల్ ఆల్సో సేఫ్. కింద మామ సంతకం పెట్టాడు. మా ఆయన ఇదివరకు వాలులో బండి ఆపితే చక్రం కింద రాయి పెట్టేవాడు, దాని చెయ్యిబ్రేకు కొన్ననాటి నుంచీ వదులే. ఇప్పుడు గేరులో వేసి దర్జాగా దిగుతున్నాడు. "అమ్మినోళ్లే గింత ఫికర్ జేస్తున్నరంటే బండి బంగారమన్నట్టు. ఇగ రాయెందుకు?" అంటాడు.

ఇంకొక్క మాట. మధ్యాహ్నం పూట ఆడవాళ్లకు చదువు చెప్పడానికి సంఘం నన్ను పెట్టుకుంటుందట. నువ్వు అక్కడ ట్రైనింగు అవుతుండగానే నేను ఇక్కడ పంతులమ్మను!

నీ గర్విష్ఠి,
ఆండాళు

చిట్యాల,
4 అక్టోబరు 1964.

మంజూ,

నీ ఆండాళు. ఇవాళ వేళాకోళాలు లేవు.

పోయిన సోమవారం మా ఆయన సంఘం ముందరి వాలులో బండి ఆపి, మూటలు దించడానికి లోపలికి వెళ్లాడు. కాసేపటికి బండి దానంతట అదే కదిలింది. దిగువన రంగుల కొట్టం దగ్గర గొర్లను తోలుకుపోతున్న బీరన్న, మందను పక్కకు అదిలించి తాను తప్పుకోలేకపోయాడు. మోకాలి కింద ఎముక విరిగింది. నల్గొండ దవాఖానలో ఉన్నాడు. పాపం, తెలివి వచ్చాక మొదటి మాట "జీవాలు మంచిగున్నయా?" అని అడిగాడట.

సంఘంలో అందరూ మా ఆయన మీద పడ్డారు. "గేర్లనే ఏసి దిగిన" అని ఆయన, "ఏస్తే బండెట్ల పోతది? తాగినవా?" అని వాళ్లు. తాళంచెవి లాక్కున్నారు. మంజూ, ఆయన కల్లు కూడా ముట్టడు. మొదటి రెండు రోజులు కోపంగా ఉన్నాడు. కోపం ఉన్నంతసేపూ నాకు ధైర్యంగానే ఉంది. తరువాత మాట తగ్గింది. ఇప్పుడు అరుగు మీద కూర్చొని గేరు వేసే ఎడమచేతిని గాలిలో ముందుకూ వెనక్కూ ఆడించి చూసుకుంటున్నాడు. కంచం ముందు కూర్చుంటే ఒకటే ప్రశ్న. "ఏసిన్నా ఆండాళూ? ఈ చెయ్యి చేసింది నాకే యాదికొస్తలేదు." నిన్న ఇంకో మాట అన్నాడు: "నేనే మర్చిపోయినట్టున్న. శనివారం మీటింగుల ఒప్పుకుంట. ఇగ బండి ముట్ట."

నీకు ఒక పని చెబుతాను. జూలైలో వచ్చిన ఆ కంపెనీ ఉత్తరాన్ని అక్షరం పొల్లుపోకుండా ఎక్కించి దీనితో పంపుతున్నాను. మీ ఇంగ్లీషు మాస్టారు ఇస్రాయేలు గారికి చూపించి, రీకాల్ అన్న మాటకు ఇంకో అర్థం ఏమైనా ఉందేమో అడుగు. నేను దాటేసిన ఆ నడిమి వాక్యం కూడా. ఊరికే తెలుసుకుందామని. నా సంగతి నీకు తెలుసుగా, ఒక మాట పట్టుకుంటే వదలను. శనివారంలోగా జవాబు రాయి.

ఆండాళు

చిట్యాల,
18 అక్టోబరు 1964.

నా మంజూకు,

నీ ఉత్తరం మీటింగుకు ముందు రోజు, శుక్రవారమే అందింది. ఇస్రాయేలు మాస్టారి దస్తూరి ముత్యాల్లా ఉంది. "గేరు తనంతట తానే ఊడిపోవు లోపమున్నందున మీ వాహనమును వెనుకకు పిలుచుచున్నాము. మరమ్మతు ఉచితము. అంతవరకు వాలునందు నిలుపవద్దు." నేను పంపుట అని చదివిన ట్రాన్స్‌మిషన్ అంటే బండి గేరుపెట్టె అట.

ఇప్పుడు నిజం చెబుతాను. నాకు ముందే తెలుసు. బండి జారిన మర్నాడు పొద్దున నిఘంటువు మళ్లీ తెరిచాను. జ్ఞాపకం చేసుకొనుట అన్న దాని కింది వరుసలోనే ఉంది, వెనుకకు పిలుచుట అని. జూలైలో మొదటి అర్థం దొరకగానే మూసేశాను, ఎందుకంటే అది నాకు నచ్చింది. నిన్ను అడిగింది తెలుసుకోవడానికి కాదు. నువ్వు కాదని రాస్తావేమోనని ఆశ. అట్లా అన్ని రోజులు ఆయన చెయ్యి ఆడించుకుంటుంటే ఎదురుగా కూర్చొని అన్నం పెట్టాను. చదువుకున్నదాన్నని పేరుంది గదా, అది పోతుందని భయం. దానికోసం ఆయన పేరు పోయినా ఓర్చుకున్నాను.

శనివారం మీటింగులో ఆయన లేవబోతుంటే నేనే ముందు లేచాను. కంపెనీ ఉత్తరం, నీ ఉత్తరం రెండూ చదివాను. సీతారాములు మామ "నువ్వు చెప్పింది ఇప్పుడన్న సరైనదేనని ఎట్ల నమ్మాలె బిడ్డా?" అన్నాడు. కోపంతో కాదు, నిజంగానే అడిగాడు. "బండినే అడుగుదాం" అన్నాను.

అదే వాలు. దిగువన ఇసుక బస్తాలు పేర్చారు. మనుషులను దూరం జరిపారు. మా ఆయన గేరులో వేసి, అందరికీ చూపించి, దిగి రెండు చేతులూ పైకెత్తాడు. ఊరికే నిలబడ్డ బండిని అరవై మంది కన్నార్పకుండా చూడటం ఎప్పుడైనా విన్నావా? ఎవరో పల్లికాయలు పంచారు. బీరన్న భార్య గోపమ్మ కొంగు నడుముకు చుట్టి అందరికంటే ముందు నిలబడింది. అరగంటైంది. "ఏం గాదు, ఇగ పోదాం పాండ్రి" అని ఒకరిద్దరు కదిలారు. అప్పుడు లోపల ఏదో టక్కుమంది. బండి మెల్లగా జారి వచ్చి బస్తాలను గుద్దుకుంది.

"ఏసిన! నేను ఏసే దిగిన!" అని మా ఆయన అరిచాడు. ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకొని అందరి ముందూ ఏడ్చాడు. నాకూ ఏడుపు ఆగలేదు. గోపమ్మ నా దగ్గరికి వచ్చి, "తప్పు సదివితె సదివినవ్, అందరం తప్పుతం" అని వెళ్లిపోయింది. నాకు ముందే తెలుసన్న సంగతి ఆమెకు తెలియదు. మీటింగులో ఆ ముక్క నేను చెప్పలేదు.

ఇంటికి నడుస్తుంటే మా ఆయన అడిగాడు. "నీకెన్నడు ఎరుకైంది?" అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగి, "బండి జారిన తెల్లారే" అన్నాను. ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "పన్నెండు దినాలు" అన్నాడు. అంతే. మర్నాడు నేను ఒక్కదాన్నే నల్గొండ బస్సెక్కి, దవాఖానలో బీరన్నకు మొత్తం చెప్పాను. అతను విని గోడవైపు తిరిగి పడుకున్నాడు. రెండు నెలలకు నడుస్తాడని డాక్టరు అన్నారు. ఆడవాళ్ల చదువు సంగతి తరువాత చూద్దామని సంఘం అంది. ఈ ఏడు నేను బతుకమ్మ ఆడలేదు.

మా ఆయన సోమవారం బండిని పట్నం తీసుకుపోయి, బాగుచేయించుకొని నిన్న తిరిగి వచ్చాడు. ఇన్ని రోజుల్లో ఉప్పు వేశావా, నీళ్లున్నాయా అన్న మాటలే తప్ప నాతో మాట్లాడలేదు. ఇవాళ మధ్యాహ్నం తిన్నాక అంగట్లో కొన్న పలక తెచ్చి నా ముందు పెట్టాడు.

"నాకు ఇంగిలీసు నేర్పు. ఇగ నుంచి కాయిదం వస్తే నేను గూడ సదువాలె" అన్నాడు.

నీ మీద నమ్మకం లేక కాదు అంటాడేమోనని కాసేపు ఆయన మొహంలోకి చూశాను. అనలేదు. పలక తుడిచి, మొదటి అక్షరం రాసి ఇచ్చాను.

నీ
ఆండాళు