వాల్వు తియ్యమంటే

బుధవారం రాత్రి, గుణదల.

బెజవాడ ఎండలో ఉడికే సమస్త ప్రజలకూ, నా బీటెక్ పట్టాకూ సాష్టాంగ క్షమాపణలు. ఏసీ మెకానిక్ ట్రైనింగులో సార్ వాల్వు తియ్యమన్నారు. తెరవమని ఆయన ఉద్దేశం. నేను ఏకంగా ఊడదీశాను. సెంటర్లో ఉన్న ఒక్కగానొక్క ఏసీలో గ్యాసంతా బుస్సుమంటూ పోయింది.

"ఎవర్రా తీసింది?" అని అరిచి, సార్ నా పక్కనున్న పామర్రు దుర్గ మీద పడ్డారు. "రేపు కంపెనీ ఇంటర్వ్యూకి నువ్వు రావద్దమ్మా!"

"నేను ముట్టుకోలేదండీ!"

ఈ ఉద్యోగం రాకపోతే దుర్గ మళ్లీ రొయ్యల షెడ్డులో తలలు తియ్యాలి...

వాల్వు సంగతి పొరపాటే. నేను తెలిసి చేసింది ఒక్కటే. సార్ అడగ్గానే దుర్గ వైపు చూశాను.