ఫైబర్ రేకుల కింద కాఫీ గింజలు

అనంతగిరి,
ఆదివారం.

అన్నయ్యకు పార్వతి నమస్కరించి రాసేది.

నేనిక్కడ కులాసా. నువ్వు, వదిన, పిల్లలు ఎలా ఉన్నారు? నాన్న మోకాలు నొప్పి తగ్గిందా? గాలివానకి నాలుగు రోజులుగా కరెంటు లేదు, ఫోను సిగ్నలూ లేదు. అందుకే ఉత్తరం. దిగులు పడకండి, నిజంగానే బాగున్నాను. పొద్దున పదింటి దాకా చలి వదలదు. రాగి అంబలి అలవాటైంది. ఆదివారాలు మాత్రం మీరంతా గుర్తొచ్చి ముద్ద దిగదు.

నేను అజమాయిషీ చేసే కాఫీ షెడ్డులో పన్నెండు మంది ఆడవాళ్లు చేటల్లో గింజలు పోసుకుని నల్లవి, పుచ్చువి ఏరతారని చెప్పాను కదా. కరెంటు పోతే లోపల చీకటే. అలా చీకట్లో ఏరిన బస్తాలు, నల్లగింజలు మిగిలాయని పోయిన నెల తిరిగొచ్చేశాయి. "ఇంక కొండ కిందకి పంపి మిషన్లో ఏరించేత్తాను" అన్నారు యజమాని నాయుడు గారు. అంటే అందరి పనీ పోయినట్టే.

ఆ రోజు సుకిరి అనే పెద్దావిడ చేట తీసుకుని వాకిట్లో కూర్చుంది. "ఇక్కడైతే నల్లగింజ దాక్కోలేదమ్మా" అంది. అందరూ ఆమె వెనకే వెళ్లారు. తుంపర పడేసరికి మళ్లీ లోపలికి. మన వంటింటి కప్పులో నువ్వు పెట్టిన గాజు పెంకు అప్పుడు గుర్తొచ్చింది నాకు. పైన నాలుగు సిమెంటు రేకులు తీసి వెలుతురొచ్చే ఫైబర్ రేకులు వేద్దామన్నాను.

"వాన కారితే ఏటి సేత్తావు?" అన్నారు నాయుడు గారు.

"కారితే గింజలతో పాటు నన్నూ కిందకి పంపేయండి."

అనేశాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎండ నేరుగా పడితే కళ్లు చెదురుతాయని కప్పుకి ఉత్తరం వైపు వాలులోనే వేయించాను. ఈ నాలుగు రోజులూ ఒక్క పూట కూడా పని ఆగలేదు. నిన్న లారీ డ్రైవరు వచ్చి, ఈసారి ఒక్క బస్తా కూడా తిరిగి రాలేదని చెప్పాడు. నాయుడు గారు ఇంకో రెండు రేకులు వేయించమన్నారు.

ఒక బోల్టు దగ్గర కాస్త కారుతోంది. కింద బకెట్టు పెట్టి ఊరుకున్నాను. అక్కడ ఏం పూయాలో బేగి రాయి, నాయుడు గారు చూడకముందే.

సాయంత్రం మసక పడగానే సుకిరి చేట దులిపి లేస్తోంది. "వెలుతురు ఎల్లిపోతంది, మనమూ ఎల్దాం" అంటుంది. ఇదివరకు లైట్లు వేసి ఏడింటి దాకా కూర్చోబెట్టిన నాయుడు గారు, ఇప్పుడు తనే ఆ వేళకి తలుపుకి తాళం వేసుకుంటున్నారు.

నాన్నకు, పెద్దమ్మకు నా దండాలు. పిల్లలకు ముద్దులు. మీ దీవెనలు నా మీద ఉంచండి.

ఇట్లు,
నీ చెల్లెలు
పార్వతి