ఆడబిడ్డ పొంగించాల్సిన పాలు

సునీతా,

ఈ రోజు బ్యాంకు వాళ్లు మన దుర్గాపూర్ ఇంటి కాగితాలు ఇచ్చేశారు బిడ్డా. నర్సు చదువు అయిపోగానే మస్కట్ పోయి నువ్వు పంపిన పైసలతో, గడువుకు ఎంతో ముందే లోన్ తీరింది. చివరి కిస్తు మాత్రం నువ్వు పోయాక అక్కడి ఆస్పత్రి పంపిన నీ ఆఖరి జీతంతో కట్టాం.

ఈ ఇంట్లోకి వచ్చిన రోజు పాలు పొంగించనీయలేదు నువ్వు. "గిది ఇంక బ్యాంకోళ్ల ఇల్లే అమ్మా. మనదైనంక నేనే వచ్చి పొంగిస్త" అన్నావు. పాలు పొంగించాల్సింది ఇంటి ఆడబిడ్డే కదా, సరే అన్నాం.

ఈ రోజు కాగితాలు చూసి మీ మేనత్త పాలగిన్నె తీసింది.

"ఏడాది తిరగకముందే శుభమేందే?" అన్నాడు మీ బాపు.

"బిడ్డ చెప్పిపోయిన మాట అన్నా. నేను గూడ గీ ఇంటి ఆడబిడ్డనే" అని ఆమె స్టవ్ వెలిగించింది.

పాలు పొంగాయి. ఆమె స్టవ్ ఆపబోతే చెయ్యి పట్టుకున్నాను.

"ఉండనీ. ఇంకింత పొంగనీ" అన్నాను.

గిన్నె మాడే వాసన వచ్చేదాకా ముగ్గురం అట్లనే నిలబడ్డాం.

మీ అమ్మ