ఎస్కిల్ ఆవులింత

మిత్రుడు ఎస్కిల్‌కు,

నీ నోరు మళ్ళీ మూతపడినందుకు సంతోషం. నిన్న మన దంత కళాశాల పాఠాల కమిటీలో, "దవడ నొప్పుల గురించి నేర్పడానికి ఆరు వారాలా? మునుపటిలా ఒక్క పూట చాలదూ?" అన్నావు. నేను జవాబు చెబుతుంటే ఆవులించావు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. పదకొండుమంది పళ్ళ ప్రొఫెసర్లు నిన్ను చూస్తూ నిలబడిపోయారు. విద్యార్థుల తరఫున వచ్చిన, మూడో ఏడు చదివే ఇంగెలా బొటనవేళ్ళకు గుడ్డ చుట్టుకుని, "కొరక్కండి సార్!" అంటూ జారిన దవడను చోటికి చేర్చింది.

వారం దాకా కరకరలాడే రొట్టె జోలికి పోకు.

ఆ ఆరు వారాల పాఠం మీద ఓటు వేసేముందు ఒక మాట. పోయిన చలికాలం చేపల దుకాణం నడిపే ఒకావిడ మూడు మంచి పళ్ళు పీకించుకుని నా దగ్గరికొచ్చింది. నొప్పి పళ్ళలోది కాదు, దవడ కండరంలోది. పీకిన డాక్టరు మన పాత విద్యార్థే. ఫోన్ చేసి కోప్పడ్డాను.

"మేడమ్, ఆ పాఠం మాకు ఒక్క పూటే కదా చెప్పారు!" అన్నాడు.

ఆ పూట చెప్పింది నేనే.

నీ పాత బెంచీ నేస్తం