పాలు మోరీల

జూలై 3
ఇరవై మూడోసారి. టీవీ గేమ్‌లో కొండ దారి, మూడో మలుపు. కారు బొంగరంలా తిరిగి, వచ్చిన దిక్కుకే ముఖం పెట్టి నిలబడింది. మంచం మీది నుంచి అన్న: "ఏంది, ఇంటికి వాపస్ వస్తున్నవా?"

మలుపులో కారుని పక్కకి జారిస్తూ తీసుకెళ్ళాలి. డ్రిఫ్ట్ అంటే అంతే. ఎంతసేపు జారితే అన్ని పాయింట్లు. చెప్పడానికి ఒక్క ముక్క. చేయడానికి...

జూలై 4
పందెం. పదమూడో తేదీ ఆదివారానికల్లా అన్న రికార్డు నలభై ఎనిమిది వేలు దాటితే, తను నాకు మా పాల వ్యాన్ నడపడం నేర్పాలి. దాటకపోతే నెల రోజులు పొద్దున్నే ఆ వ్యాన్ కడగాలి నేను. డిగ్రీ అయిపోయి రెండు నెలలు, లెర్నింగ్ లైసెన్స్ బీరువాలో నిద్రపోతోంది, వ్యాన్‌లో నా చోటు ఇంకా క్యాన్ల పక్కనే.

"ముందు టీవీల నడుపు. గౌలిపుర గల్లీల సంగతి తర్వాత." నవ్వితే అన్న ముక్కు కూడా నవ్వుతుంది.

జూలై 6
తొమ్మిది వేలు. ఛీ.

జూలై 7
పక్కింటి అస్మా పెరుగు కోసం వచ్చి, గిన్నె ఒళ్ళో పెట్టుకుని గంట కూర్చుంది. "గాడీ చలారీ కీ నాచ్‌రీ?" బండి నడుపుతున్నానా, డాన్స్ చేస్తున్నానా — నాకూ అదే అనుమానం. కంట్రోలర్ తనకిచ్చా. మొదటి మలుపులోనే లోయలోకి. అప్పుడే వాళ్ళమ్మ కేక. "యా అల్లా, దహీ!" — పెరుగు సంగతి గుర్తొచ్చి, లేచి పరుగు. గిన్నె ఇక్కడే.

జూలై 9
వాన. బాపు చాయ్ గ్లాసుతో నా వెనక నిలబడ్డాడు. మోపెడ్‌కి రెండు పక్కలా పాల క్యాన్లు కట్టుకుని ఇరవై ఏళ్ళు హుస్సేనీ ఆలం హోటళ్ళకి పోసిన మనిషి. చాలాసేపు చూశాడు.

"జారంగనే బ్రేకు ఎందుకు వడ్తున్నవ్ బిడ్డా?"

"జారుతుంది గద బాపూ!"

"జారనియ్. ఎన్క టైరు ఎటు వోతె హ్యాండిల్ గటే ఇయ్యాలె. భయపడి ఉల్టా గుంజినవనుకో... పాలు మోరీల." గడ్డంతో బయటి మురిక్కాలవని చూపించాడు.

మలుపు ఎడమకి. కారు వెనక భాగం కుడికి జారింది. చేతులు ఎడమకే పోతామన్నాయి. కుడికి ఇచ్చా. పడిపోలేదు! వాలుగా, పొగ కక్కుతూ, అలా... నాలుగు సెకన్లు. నా కేకకి కొట్టంలో బర్రె కూడా అరిచింది.

జూలై 10
ఇంట్లో కొత్త మాట. కారు తిరిగిపోయినప్పుడల్లా వంటింట్లోంచి అన్న: "పాలు?" నేను: "మోరీల!"

ఇరవై రెండు వేలు. సాయంత్రానికి ముప్పై ఒకటి. అన్న జోకులు తగ్గాయి. మంచి గుర్తు.

జూలై 12
నలభై ఏడు వేల తొమ్మిది వందలు. ఆఖరి మలుపులో ఆశపడి, భయపడి — బ్రేకు. బ్రేకు నొక్కిన ఆ వేలిని కొరికేశా. అన్న వ్యాన్ కడిగే బకెట్ తెచ్చి నా ముందు పెట్టి వెళ్ళాడు.

జూలై 13, ఆదివారం
యాభై ఒక్క వేలు!!!

బ్రేకు మీది వేలిని అరచేతిలోకి మడిచేశా. అంతే తేడా. అన్న టీవీ దగ్గరికెళ్ళి అంకెలు రెండుసార్లు చదివాడు. "గిది ఖరాబైనట్టుంది." బాపు అన్న జేబులోంచి తాళంచెవి తనే తీసి నా చేతిలో పెట్టాడు. బకెట్‌లో అన్నని కూర్చోబెట్టాలని ఉంది.

జూలై 14
పొద్దున్నే. స్టీరింగ్ మీద పుస్తకం పెట్టి రాస్తున్నా, బాపు చాయ్ అయ్యేదాకా. నేలంతా తడి. అన్న గోడకి ఆనుకుని చేతులు కట్టుకున్నాడు, అస్మా మిద్దె మీద — గిన్నె కోసమట! వ్యాన్ వెనక ఒకే ఒక్క క్యాన్, నిండుగా. మూత లేదు.

"మూతేది బాపూ?"

"ఎందుకు? నీకొచ్చు గద."

జారడం వచ్చు. కానీ మా గల్లీకి ముందు గోడ. రోడ్డెక్కాలంటే మూల దాకా వెనక్కే పోవాలి, పక్కంతా నోరు తెరిచిన మోరీ. ఈ పన్నెండు రోజుల్లో ఆ గేమ్‌లో ఒక్కసారైనా రివర్స్ వేశానా?

బాపు ఎక్కాడు. తలుపు వేశాడు. "ఊఁ..."

అద్దంలో పాలు కదులుతున్నాయి. ఇంజన్ ఇంకా స్టార్ట్ చేయనే లేదు. వ్యాన్‌ని ఊపుతున్నది నా కాళ్ళే.