నీ ఏనుగు మీద నాలిక పెట్టి చూశాడు

నాన్నా, ఈ మెసేజ్ నీకు చేరదని తెలుసు. అయినా పెడుతున్నా.

మన కొండపల్లి బొమ్మలు ఫారిన్ పంపుతానంటూ ఇవాళ విజయవాడ నుంచి ఒకాయన వచ్చాడు. నాకు మొదటినుంచీ అనుమానమే. బొమ్మల్ని వాసన చూశాడు, గోరుతో గీకాడు, ఫోటోలు తీశాడు. మోడల్ కాపీ కొట్టడానికే వచ్చాడనుకున్నా.

"రేటు తగ్గిస్తామండీ," అన్నాడు బాబాయి.

"చవకలో మిషన్ బొమ్మల్ని మనం గెలవలేమండీ. అక్కడ పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. రంగు మీద నమ్మకం ఉంటేనే కొంటారు," అన్నాడాయన.

అలమరలో ఉన్న, నువ్వు చేసిన ఏనుగు తీసి దాని మీద నాలిక పెట్టి చూశాడు. తర్వాత బాబాయి చేసిన కొత్త ఏనుగు బాబాయికే ఇచ్చి, "దీని మీద మీరు నాలిక పెట్టండి," అన్నాడు.

బాబాయి పెట్టలేదు. నువ్వు పోయాక ఆకులూ గింజలూ నూరే ఓపిక లేక డబ్బాల్లో వచ్చే కెమికల్ రంగులే వేస్తున్నాం.

ఆర్డరు పోయేలా ఉంది. నాకు నోరెలా వచ్చిందో, "పాత రంగులు నేను చేస్తానండీ, నాన్న నేర్పాడు," అనేశా.

ఆయన నన్ను అనుమానంగా చూశాడు. "అన్నీ వచ్చా?"

వచ్చన్నాను. పసుపు, ఎరుపు, నలుపు వచ్చు నాన్నా. ఆకుపచ్చ నువ్వింకా చెప్పలేదు.